చదివినవాళ్లదే ఓటు: పిల్లలు ఎంచిన నాన్‌ఫిక్షన్ అవార్డు, ఒక కేస్ స్టడీ

పిల్లల పుస్తకాలకు అవార్డులు చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం కథలకే వెళ్తాయి. ఎంపిక చేసేది కూడా ఎక్కువగా పెద్దవాళ్లే. నాన్‌ఫిక్షన్‌కు, అంటే కల్పన లేకుండా నిజమైన సంగతులు చెప్పే పుస్తకాలకు, విడిగా ఇచ్చే అవార్డులు కొద్ది, అందులో పిల్లలు ఓటేసి తేల్చేవి ఇంకా కొద్ది.

స్కూలు లైబ్రరీ ఇష్యూ రిజిస్టర్ చూస్తే మాత్రం లెక్క వేరేలా ఉంటుంది. డైనోసార్లు, పాములు, అగ్నిపర్వతాలు, అంతరిక్షం, మనిషి శరీరం, రైళ్లు, ఓడలు. ఈ పుస్తకాలు తిరిగొచ్చి అరలో కుదురుకునేలోపే ఇంకొకరు పట్టుకుపోతారు. కథల పుస్తకం ముట్టని పిల్లవాడి గురించి "వీడికి చదివే అలవాటు లేదు" అని టీచర్లు రిపోర్టులో రాసేస్తుంటారు. వాడేమో అప్పటికే సొరచేపల మీద లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ నమిలేసి ఉంటాడు. అలాంటి పాఠకుల అభిప్రాయానికి ఒక విలువ, ఒక వేదిక ఇవ్వాలన్నది ఈ అవార్డు వెనకున్న ఆలోచన. కొన్ని స్కూళ్ల లైబ్రేరియన్లం, టీచర్లం కలిసి కమిటీగా ఏర్పడి, 4 నుంచి 8వ తరగతి వరకు పిల్లలతో దీన్ని నడిపాం. ఇలాంటిదే మొదలుపెట్టాలనుకునేవాళ్లకు పనికొస్తుందని మా నిబంధనలు, వాటి వెనక జరిగిన వాదనలు ఇక్కడ రాస్తున్నాను.

ఓటింగ్ రోజు గురించి ఎక్కువ చెప్పను. బ్యాలెట్ పెట్టె, రహస్య ఓటు, సిరా చుక్క అంటూ సందడి బాగుంటుంది గానీ, అదంతా ఒక పూటలో అయిపోయే పని. మా కష్టమంతా అంతకుముందే ఉంది: ఓటేసే పిల్లకి ఆ పుస్తకాలు చదివే అవకాశం నిజంగా దొరికిందా? దొరికితే, నాన్‌ఫిక్షన్ విషయంలో "చదివాను" అంటే ఏమిటి? మా నిబంధనలన్నీ చివరికి ఈ రెండు ప్రశ్నల దగ్గరికే వచ్చి ఆగాయి.

ముందు నడిచినవాళ్లు

పిల్లల ఓటుతో అవార్డు ఇవ్వడం కొత్త సంగతేమీ కాదు. అమెరికా వాయవ్య ప్రాంతంలో లైబ్రరీల సంఘం 1940లోనే యంగ్ రీడర్స్ చాయిస్ అవార్డు మొదలుపెట్టింది. 1952లో కాన్సాస్ రాష్ట్రంలో విలియం ఆలెన్ వైట్ పేరిట ఇంకొకటి వచ్చింది. వీటిలో కథలూ నాన్‌ఫిక్షన్ ఒకే జాబితాలో పోటీపడతాయి, అలాంటి పోటీలో ఎక్కువసార్లు కథే నెగ్గుతుంది. పెద్దలు ఇచ్చే అవార్డుల్లోనూ అంతే. అమెరికాలో పిల్లల పుస్తకాలకు ఏటా ఇచ్చే న్యూబెరీ మెడల్‌ను 1922లో మొట్టమొదట అందుకున్నది హెండ్రిక్ వాన్ లూన్ రాసిన మానవ చరిత్ర పుస్తకం. అంత మంచి ఆరంభం ఉన్నా, ఆ తర్వాత వందేళ్లలో ఆ మెడల్ నాన్‌ఫిక్షన్‌కు దక్కింది అరుదుగానే. ఆ కొరత తీర్చడానికే 1989లో ఆర్బిస్ పిక్టస్ అవార్డు, 2001లో సైబర్ట్ మెడల్ విడిగా పుట్టాయి. ఈ రెండింటికీ న్యాయనిర్ణేతలు పెద్దవాళ్లే.

మాకు దగ్గరగా అనిపించిన నమూనాలు మూడు. బ్రిటన్ రాయల్ సొసైటీ 14 ఏళ్లలోపు వారి సైన్స్ పుస్తకాలకు ఇచ్చే బహుమతిలో పెద్దల ప్యానెల్ ఆరు పుస్తకాల షార్ట్‌లిస్ట్ తయారుచేస్తే, విజేతను పిల్లల బృందాలు తేలుస్తాయి. అక్కడి స్కూల్ లైబ్రరీ అసోసియేషన్ 2011లో మొదలుపెట్టిన ఇన్ఫర్మేషన్ బుక్ అవార్డు వయసుల వారీగా మూడు విభాగాల్లో నడుస్తుంది. అందులో జడ్జీల ఎంపిక ఒకటి, పిల్లల ఎంపిక మరొకటి. కెనడాలో ఒంటారియో లైబ్రరీ అసోసియేషన్ నడిపే ఫారెస్ట్ ఆఫ్ రీడింగ్ కార్యక్రమంలో నాన్‌ఫిక్షన్‌కు ఎల్లో సీడర్ పేరుతో ప్రత్యేక విభాగం ఉంది. పది పుస్తకాల్లో కనీసం ఐదు చదివిన పిల్లలకే అక్కడ ఓటు.

మేం ఒంటారియో నుంచి ఆ "పదిలో ఐదు" తీసుకున్నాం. షార్ట్‌లిస్ట్ మొత్తాన్ని పెద్దల చేతిలో పెట్టే బ్రిటన్ పద్ధతి మాకు నచ్చలేదు. పది మంచి పుస్తకాలు మేమే ఏరి ముందు పెట్టాక, వాటిలో ఏది గెలిచినా అది సగం మా ఎంపికే అవుతుంది. అందుకని నామినేషన్ కూడా పిల్లలే వేయాలన్నాం. తలనొప్పులు అక్కడి నుంచే మొదలయ్యాయి.

ఏ పుస్తకం అర్హం

సైబర్ట్ మెడల్ నిబంధనల్లో పనికొచ్చే గీత ఒకటుంది: ఆధారాలతో నిరూపించగల వాస్తవాలను అందించి, అమర్చి, వివరించే పుస్తకమై ఉండాలి. కవిత్వం, జానపద కథలు అర్హం కావు. వినడానికి తేలిగ్గానే ఉంది. పిల్లల నామినేషన్ చీటీలు విప్పేసరికి ఆ గీతకు అటూ ఇటూ కాని పుస్తకాలు బయటపడ్డాయి.

నీటి బొట్టు మాట్లాడుతూ నీటి చక్రం వివరించే పుస్తకం నాన్‌ఫిక్షనేనా? నీటి బొట్టు మాట్లాడదన్న సంగతి తెలియని పిల్లలు ఈ వయసులో లేరు కాబట్టి ఫర్వాలేదన్నారు కొందరు. రేపు ఒక శాస్త్రవేత్త జీవిత కథలో ఆమె ఎన్నడూ అనని మాటలు ఆమె నోట పెడితే కూడా ఇదే వాదన చేస్తారా అని అడిగారు ఇంకొందరు. చివరికి ఆ రెంటినీ వేరు చేశాం. చెప్పే గొంతు కల్పితం కావచ్చు, చెప్పే సమాచారం మాత్రం సరిచూసుకోగలిగేదై ఉండాలి. నిజంగా బతికిన మనిషి నోట కల్పిత సంభాషణలు పెట్టి, అవి కల్పితమని పుస్తకంలో ఎక్కడా చెప్పకపోతే అర్హం కాదు. ఈ నిబంధన వల్ల బాగా అమ్ముడుపోయే జీవిత చరిత్రలు కొన్ని పక్కకు వెళ్లాయి. నాకైతే అందులో బాధేమీ లేదు.

అంతకంటే పెద్ద పేచీ రికార్డుల పుస్తకాలతో వచ్చింది. ప్రపంచంలో అతి పొడవైనది, అతి వేగమైనది, అతి విడ్డూరమైనది అంటూ ఏటా కొత్తగా వచ్చే లావుపాటి సంకలనాలు పిల్లలకు ప్రాణం. స్వేచ్ఛగా వదిలేస్తే నామినేషన్లలో సగం అవే వచ్చేలా ఉన్నాయి. కమిటీలో చాలామందికి వాటిని తీసేయాలనే ఉంది. "పిల్లల ఎంపిక అంటూనే పిల్లలు ఎంచినవాటిని తీసేస్తే ఎలా?" అని ఒక టీచర్ గట్టిగా పట్టుబట్టారు. ఆవిడ అడిగిన దానిలో న్యాయం ఉంది. ఈ పుస్తకాల రుచి నచ్చక తీసేస్తే అది మా పెత్తనమే అవుతుంది. కాబట్టి రుచితో సంబంధం లేని కారణం ఉంటేనే తీయాలని తీర్మానించుకున్నాం. ఆ కారణం దొరికింది కూడా: వార్షిక సంకలనంలో చాలా భాగం పాత సంచికల నుంచే వస్తుంది, ఈ ఏడాది పుస్తకంలో కొత్తగా రాసింది ఎంతో విడదీసి చూడలేం. ఏటా సవరించి వేసే సంకలనాలు, ఎన్‌సైక్లోపీడియాలు, అట్లాసులు పోటీలో లేవని రాసుకున్నాం. పిల్లలకు కోపం వచ్చింది. కారణం చెప్పాక కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

మిగతావి త్వరగానే తేలాయి. గత మూడేళ్లలో వెలువడి, ఇంకా కొత్త కాపీలు దొరుకుతున్న పుస్తకమై ఉండాలి. ఒకే సిరీస్‌లో నలభై పుస్తకాలున్నా పోటీలో ఉండేది ఒక్క పుస్తకమే, సిరీస్ మొత్తానికి ఓటు లేదు. అనువాదాలు అర్హం. రేకులు విప్పి చూసే పుస్తకాలు, పేజీ తెరిస్తే బొమ్మ పైకి లేచే పుస్తకాలు అర్హమే కానీ, రెండు వారాలు పిల్లల చేతుల్లో తిరిగేసరికి వాటి రేకులు ఊడిపోతాయి. ఆఖర్న చదివే పిల్లకి సగం పుస్తకమే మిగులుతుంది. అందుకని అలాంటివి షార్ట్‌లిస్ట్‌లోకి వస్తే అదనంగా ఒక కాపీ తీసి పక్కన పెట్టాలన్నాం.

తనిఖీ

నామినేషన్ చీటీలో పుస్తకం పేరుతోపాటు "నీ స్నేహితుడికి ఏ పేజీ చూపిస్తావు, ఎందుకు?" అని అడిగాం. ఈ ఒక్క ప్రశ్నతో అట్ట చూసి వేసిన నామినేషన్లు వాటంతటవే రాలిపోయాయి.

ఆ తర్వాత పెద్దల పని ఒక్కటే: వాస్తవాలు సరిచూడటం. ఒక పుస్తకాన్ని తీసేసే అధికారం మాకు ఉంది గానీ, వాస్తవ దోషం చూపించి, రాతపూర్వకంగా కారణం చెప్పి మాత్రమే తీయాలి. నచ్చలేదు, భాష బాగాలేదు, బొమ్మలు చవకబారుగా ఉన్నాయి లాంటివి చెల్లవు.

తనిఖీకి వెళ్లిన పుస్తకాల్లో మేం ముందు తెరిచింది పాత అపోహలు దాక్కునే పేజీలే. మనిషి శరీరం మీద పుస్తకమైతే నాలుక పేజీ. తీపి నాలుక కొసన, చేదు వెనక అంటూ భాగాలు గీసిన పటం 1901 నాటి ఒక జర్మన్ పరిశోధనను తర్వాతివాళ్లు తప్పుగా అర్థం చేసుకోవడం వల్ల పుట్టింది. అన్ని రుచులూ నాలుక మీద రుచిమొగ్గలున్న చోటల్లా తెలుస్తాయి. కట్టడాల మీద పుస్తకమైతే చైనా గోడ చంద్రుడి మీంచి కంటికి కనిపిస్తుందన్న వాక్యం. రక్తం గురించైతే సిరల్లో అది నీలంగా ఉంటుందన్న మాట. ఇలాంటివి ఒక్కటి కనిపించినా మిగతా పుస్తకాన్ని రెండింతలు జాగ్రత్తగా చదివాం. ఒక చోట అజాగ్రత్తగా ఉన్న రచయిత ఇంకోచోట జాగ్రత్తపడి ఉంటారన్న నమ్మకం నాకు లేదు.

మేం సరిచూసి పంపినవాటిలో కూడా ఒక పిల్ల మాకు పని పెట్టింది. షార్ట్‌లిస్ట్‌లో అంతరిక్షం మీద రెండు పుస్తకాలున్నాయి. శనికి 82 ఉపగ్రహాలని ఒకటి, 146 అని ఇంకొకటి. "మేడమ్, ఈ రెండిట్లో ఏది అబద్ధం?" అని ఆ పిల్ల ప్రశ్న. రెండూ అబద్ధం కావు. పుస్తకం రాసిన నాటి లెక్క అది. 2019లో 82 ఉండేవి, 2023లో పెద్ద సంఖ్యలో కొత్తవి కలిశాయి, 2025 మార్చిలో ఒకేసారి మరో 128 గుర్తించడంతో మొత్తం 274కి చేరింది. ఈ సంగతి నేనే చెప్పేసి ఊరుకోవచ్చు. ఆ లైబ్రరీ పీరియడ్ మొత్తం రెండు పుస్తకాల వెనక పేజీలు తిప్పి ముద్రణ సంవత్సరాలు పట్టుకోవడానికే వాడాం. మా నిబంధనల్లో ఒక వాక్యం అప్పుడే చేరింది: పుస్తకం వెలువడిన నాటికి తెలిసిన దాన్ని బట్టి అది తప్పో ఒప్పో చూడాలి. తర్వాత మారిన సంగతి ఉంటే ఆ పేజీలో చిన్న చీటీ అతికించాలి. ఆ చీటీలు రాసే పని కూడా పిల్లలకే ఇచ్చాం. ఓటింగ్ కంటే దాని మీద ఎక్కువ ఉత్సాహం చూపినవాళ్లు ఉన్నారు.

కాపీల లెక్క

ఇలాంటి కార్యక్రమాలు ఎక్కువగా మునిగేది ఇక్కడే, కాబట్టి అంకెలతో చెప్తాను. తరగతిలో 30 మంది, షార్ట్‌లిస్ట్‌లో పది పుస్తకాలు, ఒక్కొక్కరు ఐదు చదవాలి. అంటే 150 పఠనాలు కావాలి. ఒక్కో పుస్తకం రెండు వారాలకు ఇస్తే 20 వారాల్లో ఒక కాపీ పది చేతులు మారుతుంది. పది పుస్తకాలకు ఒక్కో కాపీ ఉంటే మొత్తం 100 పఠనాలు. యాభై తక్కువ. రెండేసి కాపీలుంటే 200, అప్పుడు ఆలస్యంగా తిరిగొచ్చేవాటికి, పోయేవాటికి కూడా కాస్త వెసులుబాటు ఉంటుంది. రెండు కాపీలు కొనలేని చోట గడువు వారానికి తగ్గించాలి, లేదా షార్ట్‌లిస్ట్ ఆరుకు తగ్గించి మూడు చదివితే చాలనాలి. ఆరు పుస్తకాలకైతే 90 పఠనాలు కావాలి, ఒక్కో కాపీతో దొరికేవి 60. గడువు పది రోజులకు తెస్తే 84 అవుతాయి. ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుని చదివితే ఆ లోటు తీరిపోతుంది. ఏ దారైనా సరే, ఈ గుణకారం వేయకుండా పోస్టర్లు అంటించకూడదు. కాపీలు అందకపోతే పిల్లలు చదవనివాటికి ఓటేస్తారు, లేదా దొరికిన వాటికే వేస్తారు. రెండూ ఒకటే.

ప్రచురణకర్తలు ఉచితంగా కాపీలు పంపిస్తామన్నారు. షార్ట్‌లిస్ట్ ప్రకటించాక, పది పుస్తకాలకూ సమానంగా వస్తేనే తీసుకుంటామన్నాం. ఓటింగ్ అయ్యేదాకా రచయితల్ని స్కూలుకు పిలవకూడదని కూడా పెట్టుకున్నాం. ఎదురుగా నిలబడి సరదాగా మాట్లాడిన రచయితకు వ్యతిరేకంగా ఓటేయడం పదేళ్ల పిల్లలకు కష్టం. ఆ మాటకొస్తే పెద్దలకూ కష్టమే.

"చదివినట్టేనా?"

కథల అవార్డుల్లో ఈ ప్రశ్న రాదు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెళ్తే చదివినట్టు. నాన్‌ఫిక్షన్ పాఠకులు అలా నడవరు. ఆరో తరగతి అబ్బాయి ఒకడు పురుగుల పుస్తకం తిరిగిస్తూ అన్నాడు: "మేడమ్, నేను పేడపురుగు దగ్గర మొదలుపెట్టి అటూ ఇటూ చదివాను. మొదటి పేజీలు చదవలేదు. చదివినట్టేనా?" పేడపురుగు గురించి వాడికి తెలిసినంత నాకు తెలియదు. ఆ పుస్తకం రాసినవాళ్లు కోరుకునే పాఠకుడు వాడే.

క్విజ్ పెడదామని ఒక ప్రతిపాదన వచ్చింది. ఐదు ప్రశ్నలు, మూడు చెప్తే చదివినట్టు. తేలికైన పద్ధతే, టీచర్లకు అలవాటైనదే. దాన్ని వద్దనడానికి కమిటీలో చాలాసేపు పట్టింది. క్విజ్ పెట్టిన మరుక్షణం పిల్లలు జవాబుల కోసం చదువుతారు. అప్పుడు పుస్తకం ఎలా ఉందన్న ఆలోచనే వాళ్ల తలలోకి రాదు, మాకు కావాల్సింది సరిగ్గా ఆ ఆలోచనే.

మేం పెట్టింది ఇది. పుస్తకంలో కనీసం మూడు చోట్ల ఆగి ఉండాలి, ఏదో ఒక అధ్యాయం మొదటి నుంచి చివరి దాకా చదివి ఉండాలి, వెనక పేజీల్లో ఏముందో చూసి ఉండాలి. తర్వాత ఒక తోటి పాఠకుడితో కూర్చుని మూడు సంగతులు చెప్పాలి: కొత్తగా తెలిసింది ఒకటి, నమ్మకం కుదరనిది ఒకటి, అర్థం కానిది ఒకటి. విన్నవాళ్లు కార్డు మీద సంతకం చేస్తారు. మొదట దీన్ని టీచర్లే వినాలనుకున్నాం. ముప్పై మందితో ఐదేసిసార్లు మాట్లాడటం అంటే ఏ టీచరుకైనా టెన్షనే. పిల్లలు పిల్లలతో చెప్పుకుంటే సరిపోతుందని తేలింది, పైగా మంచి ఫలితం కూడా అలాగే వచ్చింది. నమ్మకం కుదరని సంగతి విన్న పిల్ల "ఏదీ, చూపించు" అంటుంది. అలా పుస్తకం ఇంకో చేతిలోకి వెళ్తుంది. దొంగ సంతకాలు లేవా అంటే, ఉన్నాయి. వాటిని పట్టుకోవడానికి పోలీసు పని చేయదలచుకోలేదు.

చదివి వినిపించినా చదివినట్టే లెక్క. చూపు సమస్య ఉన్న పిల్లల కోసం ఆడియో, బ్రెయిలీ ప్రతులు కావాలి. 2013 నాటి మర్రాకేష్ ఒప్పందాన్ని అమలు చేస్తున్న దేశాల్లో అర్హత ఉన్న సంస్థలు వీటిని ప్రచురణకర్త అనుమతి లేకుండానే తయారుచేయొచ్చు. అయితే అందుకు సమయం పడుతుంది, షార్ట్‌లిస్ట్ ఖరారైన రోజే అడగాలి. నాన్‌ఫిక్షన్‌లో ఇంకో చిక్కు ఏమిటంటే, సమాచారంలో సగం బొమ్మల్లో, పటాల్లో ఉంటుంది. అక్షరాలు మాత్రమే చదివి వినిపిస్తే పుస్తకం సగమే అందుతుంది. బొమ్మలను మాటల్లో వర్ణించే బాధ్యత తోటి పిల్లలు తీసుకున్నారు. ఏ బొమ్మలో సంగతి ఉంది, ఏది ఊరికే పేజీ నింపడానికి వేశారో ఆ పనిలో ఇట్టే బయటపడింది. బొమ్మల గురించి మాకు అందిన పదునైన విమర్శలు ఎక్కువగా ఈ జంటల నుంచి వచ్చినవే.

చీటీలు, ఓట్లు

ఒక్కొక్కరు తమకు నచ్చిన ఐదు పుస్తకాలు ఏరుకుంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. డైనోసార్ పుస్తకం అందరూ చదువుతారు, నాణేల చరిత్ర ఎవరూ తీయరు. ఓట్లు లెక్కపెడితే అట్ట మీది బొమ్మల పోటీ ఫలితం వస్తుంది.

ఒక పుస్తకాన్ని 120 మంది చదివి, అందులో 36 మంది దానికి ఓటేశారనుకోండి. ఇంకోదాన్ని 40 మందే చదివారు, 20 మంది ఓటేశారు. మామూలు లెక్కలో మొదటిదే గెలుస్తుంది. చదివినవాళ్లలో ఎంతమందికి నచ్చిందని చూస్తే మొదటిదానికి 30 శాతం, రెండోదానికి 50 శాతం. అందుకని ఓట్లను పాఠకుల సంఖ్యతో భాగించాలన్నాం. కమిటీలోని లెక్కల మాస్టారు దీనికి ఒప్పుకోలేదు. నాణేల పుస్తకం తీసిన కొద్దిమందీ నాణేలంటే పడిచచ్చేవాళ్లే అయితే ఆ 50 శాతానికి విలువేమిటని ఆయన వాదన. నిజమే. ఏరుకుని చదివినవాళ్లు ముందే సగం ప్రేమలో ఉంటారు.

ఆయనే విరుగుడు కూడా చెప్పారు. ఐదింటిలో మూడు పిల్లల ఇష్టం, రెండు చీటీ తీసి ఇచ్చేవి. తరగతిలో 30 మంది, ఒక్కొక్కరికి రెండు చీటీలు, మొత్తం అరవై. పది పుస్తకాలకు సమానంగా పంచితే ప్రతి పుస్తకానికీ ఆరుగురు తామై కోరుకోని పాఠకులు దొరుకుతారు. ఏ పుస్తకమూ అరలో అనాథగా మిగలదు, భాగహారానికి కాస్త నిజాయితీ వస్తుంది. చీటీ పాఠకుల ఓట్లు మాత్రమే లెక్కపెడితే ఇంకా కచ్చితమని ఆయన అన్నారు గానీ, అక్కడ ఆగుదామన్నాం. ఇష్టపడి తీసుకున్న పుస్తకానికి ఓటు లేదంటే పిల్లలు అవార్డునే నమ్మరు.

ర్యాంకుల పద్ధతి కూడా చూశాం. 18వ శతాబ్దపు ఫ్రెంచ్ గణితవేత్త బోర్డా చెప్పినట్టు మొదటి స్థానానికి ఇన్ని పాయింట్లు, రెండోదానికి ఇన్ని అని కలిపే లెక్క. అందరూ అవే పుస్తకాలు చదివినప్పుడు అది బాగా పనిచేస్తుంది. ఇక్కడ ఒక్కొక్కరు చదివిన ఐదు వేరు, కాబట్టి ఒకరి మూడో స్థానాన్ని ఇంకొకరి మూడో స్థానంతో కలపడం కుదరదు. చివరికి బ్యాలెట్ చాలా సాదాగా తయారైంది: చదివినవాటి పక్కన టిక్కు, వాటిలో ఒక్కదానికి ఓటు, కింద కారణానికి రెండు గీతలు. లెక్కింపు పిల్లలే చేశారు. శాతాలు ఇంకా నేర్చుకోని నాలుగో తరగతివాళ్లకు ఎనిమిదో తరగతివాళ్లు వివరించారు. సమానంగా వస్తే ఇద్దరికీ ఇవ్వాలని ఓటింగ్‌కు ముందే రాసి గోడకు అంటించాం. ఇలాంటి నిబంధన ఫలితం తెలిశాక రాస్తే ఎవరూ ఒప్పుకోరు.

ప్రచారానికి అనుమతి ఇచ్చాం, ఒక షరతుతో: పోస్టర్‌లో పుస్తకం నుంచి ఒక వాస్తవం, పేజీ నంబరు ఉండాలి. "ఇది సూపర్" అని మాత్రమే రాసిన పోస్టర్లను పిల్లల ఎన్నికల బృందమే నిర్దాక్షిణ్యంగా తీసేసింది.

పిల్లలు పట్టించుకున్నవి

గెలిచింది కుళ్లడం గురించిన పుస్తకం. రాలిన ఆకు, చచ్చిన ఎలుక, కొట్టేసిన చెట్టు మొద్దు మట్టిలో కలిసేదాకా ఏమవుతాయో చెప్పే పుస్తకం. పెద్దల్లో ఎవరూ దాన్ని ఊహించలేదు. అట్ట కూడా అంత ఆకర్షణగా ఉండదు, చీటీలు లేకపోతే చాలామంది చేతికి వచ్చేదే కాదు.

ఓటు కంటే ఆ కింది రెండు గీతల్లో మాకు ఎక్కువ దొరికింది. ఆర్బిస్ పిక్టస్ వంటి అవార్డుల్లో పెద్దలు చూసే ప్రమాణాలు కచ్చితత్వం, అమరిక, డిజైన్, శైలి. పిల్లలు ఆ నాలుగింటినీ వాళ్ల భాషలో పట్టుకున్నారు, మేం ఆలోచించనివి ఇంకొన్ని చేర్చారు. పురుగు ఫొటో పేజీ నిండా వేశారు, అసలు పురుగు ఎంత ఉంటుందో ఎక్కడా లేదు అన్న ఫిర్యాదు పదేపదే కనిపించింది. పక్కన ఒక వేలో పెన్సిలో వేసి కొలత చూపించిన పుస్తకానికి ప్రశంసలు వచ్చాయి. నల్లటి ఫొటో మీద సన్నటి తెల్ల అక్షరాలు చదవలేకపోయామన్నారు. ఇంకో ఫిర్యాదు నన్ను చాలా ఆకట్టుకుంది: పేజీ మొత్తం బొమ్మ ఉన్న చోట పేజీ నంబరు వేయరు, ఇండెక్స్‌లో చూసి వెళ్తే పేజీ దొరకదు. పిల్లలు ఇండెక్స్ వాడరని చెప్పేవాళ్లకు ఈ చీటీ చూపిస్తుంటాను.

విజేత పుస్తకానికి వచ్చిన కారణాల్లో ఒకటి మళ్లీ మళ్లీ కనిపించింది. శాస్త్రవేత్తలకు ఇంకా తెలియని సంగతుల మీద అందులో ఒక పేజీ ఉంది. "తెలీదు అని రాశారు, అందుకే మిగతాది నమ్మాను" అని రాసింది ఏడో తరగతి అమ్మాయి. దానికి పూర్తి వ్యతిరేకంగా, "అన్నీ తెలియకుండా పుస్తకం ఎందుకు రాశారు?" అన్న చీటీ కూడా ఒకటుంది. రెండూ రచయితకు పంపాం.

అవార్డు అంటే డబ్బేమీ లేదు. ప్రశంసాపత్రం, దానితో పాటు పిల్లల ఉత్తరాల కట్ట. గెలవని తొమ్మిది పుస్తకాల రచయితలకూ కారణాల చీటీలు పంపాం. ఒక తప్పు దొర్లిన చోట పేజీ నంబరుతో సహా రాసి పంపితే, తర్వాతి ముద్రణలో సరిచేస్తామని జవాబొచ్చింది. బొమ్మలు వేసినవాళ్ల పేరు ప్రశంసాపత్రం మీద ఎందుకు లేదని పిల్లలు అడిగితే అది కూడా చేర్చాం. నాన్‌ఫిక్షన్ పుస్తకంలో ఎవరేం చేశారో వెతకాలంటే చిన్న అక్షరాల పేజీ చదవాలి: ఫొటోలు, పటాలు, సలహా ఇచ్చిన నిపుణులు, డిజైన్. ఆ పేజీ చదవడం ఇప్పుడు షార్ట్‌లిస్ట్ ప్రకటించే రోజు కార్యక్రమంలో ఒక భాగం.

ఇంకా తేలనివి

4వ తరగతి, 8వ తరగతి పిల్లలు ఒకే జాబితాకు ఓటేయడం అందరికీ సుఖంగా లేదు. పెద్ద పిల్లల పుస్తకాలు చీటీలో వచ్చిన చిన్నవాళ్లు ఇబ్బంది పడ్డారు. వచ్చేసారి రెండు జాబితాలు ఉంటాయి, 4, 5 తరగతులకు ఆరు పుస్తకాలే. కాపీల లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాలి.

పెద్ద స్కూళ్ల ఓట్లు చిన్న స్కూళ్లను ముంచేయకుండా స్కూలు వారీ శాతాల సగటు తీయాలన్నది ఒక ప్రతిపాదన. అలా చేస్తే చిన్న స్కూల్లో ఒక పిల్ల ఓటుకు పెద్ద స్కూలు పిల్ల ఓటు కంటే ఎక్కువ బరువు వస్తుంది. దీని మీద లెక్కల మాస్టారికీ నాకూ ఇంకా రాజీ కుదరలేదు. రికార్డుల పుస్తకాల సంగతి కూడా మళ్లీ చర్చకు వస్తోంది. వాటిని చేర్చాలంటూ ఐదో తరగతి పిల్లలు సంతకాలు సేకరించి కమిటీకి అర్జీ ఇచ్చారు. వచ్చే సమావేశానికి వాళ్ల తరఫున ఇద్దరు ప్రతినిధుల్ని పిలిచాం. కొత్త సంచికలో కొత్తగా రాసిన పేజీలు ఎన్నో గుర్తుపెట్టి తీసుకురమ్మని చెప్పాం.